రెండుసార్లు పోయిన మా మేనత్త

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటికి అడ్డాకులు వేసే, అడవి ఊళ్ళ దొర్ల తెగ ఆవిడ. విస్తళ్ళు కుట్టుకునే ఆ ఆకుల మోపు సంతరోజున మా అరుగు మీద దించి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వెళ్ళడం ఆమెకు అలవాటు. ఆ రోజు మోపు దించలేదు. నెత్తిన పెట్టుకునే నిలబడి, "అమ్మా, మీ మేనత్త పోయిందంట. మీకు చెప్పమన్నరు," అంది.

నేను నవ్వాను. "మా మేనత్త నేను పుట్టకముందే పోయింది. నీకెవరో ఎవరి సంగతో చెప్పి ఉంటారు," అన్నాను.

"కాదమ్మా. మొన్ననే పోయింది. గోదారొడ్డున, మిర్చి చేల కాడ, మా చెల్లె ఉండే గుడిసెల గుంపులనే. ముసలామె. కుంటల బట్టల కొట్టోళ్ళ ఆడబిడ్డ." అని మా పుట్టింటివాళ్ళ ఇంటిపేరు చెప్పింది. దొర్ల నోటికి సులువుగా తిరిగే పేరు కాదది. అయినా ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఎవరో ఆమె చేత వల్లె వేయించి పంపారు.

అప్పుడు నేను అరుగు మీద కూలబడ్డాను. మోపు దించడానికి సాయం పట్టాలన్న ఇంగితం కూడా లేకపోయింది. తనే దించుకుని, తనే కడవలో నీళ్ళు ముంచి నా చేతికిచ్చింది. ఆ నీళ్ళకు ఆమెకు నేను ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. దండం పెట్టుకోవలసినవాళ్ళు ఈ కథలో చాలామంది లేరు.

మా ఊరు శబరి ఒడ్డున, హిందీ నడిచే రాష్ట్రం కొసన ఉంది. కాగితాల్లో కోంటా, మా నోట్లో కుంట. మా తాత గోదావరి దిగువ ఊళ్ళ నుంచి బట్టల మూట భుజాన వేసుకుని ఇక్కడికొచ్చాడు. ఆ రాకను మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకునేవాళ్ళో! ఏ వానలో వచ్చాడు, ఏ రేవులో పడవ దొరక్క కూర్చున్నాడు, మొదట ఎవరి పంచన తలదాచుకున్నాడు, ఏ సంతలో మొదటి పంచె అమ్మాడు, అన్నీ. మగవాడు ఊరు విడిచి వస్తే అది వంశ చరిత్ర. ఆయన కూతురు ఆ ఊరు కూడా దాటి ఇంకాస్త లోపలికి వెళితే ఒక్క మాటతో సరిపెట్టారు. "పోయింది."

తెలుగువాళ్ళకు ఈ మాట సంగతి నేను చెప్పాలా? బజారుకు పోయినా పోవడమే, ప్రాణం పోయినా పోవడమే. మా నాయనమ్మ దాన్ని కళ్ళు దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అనేది. ఆ గొంతు విన్న ఏ పిల్లకైనా ఒక్క అర్థమే తోస్తుంది. "ఎక్కడ పోయింది నాయనమ్మా?" అని ఒకసారి అడిగాను. "అడవిలో," అంది. జ్వరమో పామో అనుకున్నాను. వాళ్ళు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు చూడండి, అదే నా కడుపుమంట. అబద్ధం ఆడి ఉంటే ఏదో ఒకనాడు దొరికిపోయేవాళ్ళు. నిజాన్నే తెచ్చి, దాని చేత అబద్ధం పని చేయించుకున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఏటా పెత్తరమాస నాడు, చనిపోయిన పెద్దలను తలుచుకుని బియ్యం ఇచ్చే రోజున, మా నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాటలో గుప్పిళ్ళు పోయించేది. ఇది ముత్తాతకు, ఇది ముత్తవ్వకు. అందరి గుప్పిళ్ళూ అయ్యాక ఇంకో గుప్పెడు పోయమని, నా చెవిలో మేనత్త పేరు చెప్పేది. ఆ పేరు నేను విన్నది ఆ ఒక్క రోజే, ఆ ఒక్క చెవిలోనే. తను మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని, "దానికి వెనకా ముందూ ఎవరూ లేరు. నీ ఇంట్లో నువ్వు ఒక గుప్పెడు పెట్టు తల్లీ," అంది. పెట్టాను. నా పెళ్ళయి అదే వీధిలో నాలుగిళ్ళ అవతలికి వచ్చాక కూడా, మా ఆయన కాలం చేశాక కూడా, ఒక్క ఏడూ మానకుండా పెట్టాను. పిల్లాజెల్లా లేకుండా వెళ్ళిపోయిన మనిషికి ఆ పుణ్యం దక్కాలని కళ్ళు మూసుకుని వేడుకున్నాను.

బతికున్న మనిషికి! గోదావరి ఒడ్డున మిరపకాయలు ఏరుకుంటూ, పిల్లలతో, పిల్లల పిల్లలతో బతికున్న మనిషికి నేను ఏటేటా చావు బియ్యం ఇచ్చాను. నాకు బడి చదువు లేదు, శాస్త్రం రాదు. ఉన్నదల్లా ఈ కాస్త భక్తి. దాన్ని తీసుకెళ్ళి అట్లాంటి పనికి వాడుకున్నారు మా వాళ్ళు.

"మరి నన్ను వెతుక్కుంటూ నిన్నెందుకు పంపారు?" అని అడ్డాకుల ఆవిడను అడిగాను.

ఆమె చెప్పింది. ముసలామెను పూడ్చిపెట్టారు. ఆదివారం దినం. ఆ రోజు పూడ్చిన చోట రాయి నిలబెట్టి, ఆమెను పెద్దల్లో కలుపుతారు. ఆ రాయికి మొదట పుట్టింటి గుడ్డ చుట్టాలి. పుట్టింటివాళ్ళే తేవాలి, పుట్టింటివాళ్ళే పేరు పిలవాలి.

"తేకపోతే?"

"రాయి పెట్టరమ్మా. యాడికెల్లి వచ్చిందో తెల్వని మనిషికి రాయి ఏంది అంటరు. ఆమె బిడ్డ ఒకటే ఏడుస్తున్నది. అమ్మ గాలిల తిరుగుతదని."

మన వాళ్ళలోనూ ఆడపిల్ల పోతే పుట్టింటి చీర పడాలి కదా. శవం వాకిట్లో ఉంచి ఆ చీర కోసం ఎదురు చూడడం నేను ఎన్ని ఇళ్ళల్లో చూడలేదు! ఇంతకీ మా పుట్టింటివాళ్ళది ఏం వ్యాపారం? బట్టల కొట్టు. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకు, సగం చావులకు గుడ్డ మా అన్న కొట్టు నుంచే వెళుతుంది.

వెంటనే అన్న దగ్గరికి వెళ్ళాను. పరుపు మీద కూర్చుని గిరాకీకి లుంగీలు చూపిస్తున్నాడు. పనివాడు పై అరల్లో సర్దుతున్నాడు.

"అన్నా, అత్త పోయిందట."

"ఏ అత్త?"

"నాయన చెల్లె."

చేతిలో లుంగీ మడత కూడా చెదరలేదు. "ఆమె ఎప్పుడో పోయింది గదా."

"మొన్న పోయింది."

పనివాడి వైపు చూసి కన్ను కొట్టాడు. "మనిషి రెండుసార్లు పోతదా చెల్లె? మన సుక్మా బస్సు అనుకున్నవా, పొద్దుగాల ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పోనీకె?"

పనివాడు నవ్వాడు. లుంగీలు చూస్తున్న గిరాకీ కూడా నవ్వాడు. నాకు చెంపలు మండాయి. కొట్టు మెట్టు దిగి వచ్చేశాను. ఆదివారానికి ఇంకా వ్యవధి ఉంది, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అడుగుదాంలే అనుకున్నాను.

అడగాల్సిన అవసరం రాలేదు. మర్నాడు పొద్దున్నే అన్న భార్య మా గుమ్మంలోకి వచ్చింది. తలంటి స్నానం చేసినట్టుంది, జుట్టు తడిగా ఉంది. నుదుటన కుంకుమ లేదు. లోపలికి రాలేదు. గడప బయటే నిలబడి, "మీ అన్న చెప్పి రమ్మన్నడు. నువ్వు గూడ తలకు పోసుకోవాలంట. మూడు రోజులు దేవుడి కాడ దీపం పెట్టొద్దంట," అంది.

"ఎందుకు?"

ఆమె బిత్తరపోయింది. "మైల గదా..." అని సగంలో ఆగిపోయింది.

ఆ మాట విన్నాక నేను చెప్పులు కూడా వేసుకోలేదు. వీధి దాటి అన్న వాకిట్లోకి వెళితే, గడపకు ముగ్గు లేదు. పూజ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. రోజూ రాముల గుడికి వెళ్ళనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, తడి తువ్వాలు భుజాన వేసుకుని నడవలో కూర్చున్నాడు.

"ఎవరి మైల పట్టినవ్ అన్నా?" అన్నాను.

తడి తువ్వాలు ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఎప్పుడో పోయింది అన్నవ్ గదా! అప్పుడు పోయినామెకు ఇప్పుడు స్నానం ఏంది? చుట్టం కాకపోతే మైల ఎట్ల అంటింది నీకు? మైల పట్టడానికి చుట్టం, చీర పెట్టడానికి కాదా?"

"ఒర్లకు. వీధిల వింటరు."

"వినని! నిన్న వీధికి వినబడేటట్టు నవ్వినవ్ గదా."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేను దేవుడి కాడ తప్పు చెయ్యలేను. ఊళ్ళ పరువు తీసుకోలేను. రెండూ చూసుకోవాలె. నీకేం తెలుస్తది?"

"దేవుడికి నిజం చెప్పి, ఊరికి అబద్ధం చెప్పి! మరి ఆమెకు ఏం చెప్తవ్?"

అప్పుడు చెప్పాడు. అన్నీ తెలుసట. నాయన తనకు చెప్పాడట, మగపిల్లవాడు కనుక తెలిసి ఉండాలని. మేనత్త బడికి వెళ్ళేదట. ఆ రోజుల్లో ఇక్కడ ఆడపిల్లను బడికి పంపిన ఇల్లు మాదే. అదే బడిలో అడవి లోపలి గొల్లపల్లి నుంచి వచ్చి చదువుకున్న దొర్ల పిల్లవాడు. ఇద్దరూ పెద్దవాళ్ళయ్యాక అతను సంతకు చింతపండు తెచ్చేవాడు. ఒక సంతరోజున అతని వెనక ఆమె నడిచి వెళ్ళిపోయింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, మాయ చెయ్యలేదు. తన కాళ్ళతో తను వెళ్ళింది. తాత ఆ రోజే శబరిలో మునిగి ఆమె పేర నీళ్ళు వదిలేశాడు.

"అందుకే నిన్ను బడికి పంపలే," అన్నాడు అన్న. "నిన్ను కాపాడిన్రు. దండం పెట్టుకో."

దండం పెట్టుకో! ఆ మాట అనడానికి ఆయనకు నోరెట్లా వచ్చిందో కానీ, నేను నిజంగానే పెట్టుకున్నాను, నా బతుకంతా. మా నాయనమ్మ గుమ్మం లోపల కూర్చోబెట్టి, పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. దేవుడి నామాలు నేర్పింది. ఊరి పిల్లలు హిందీ బడికి పరిగెత్తుతుంటే కిటికీలోంచి చూసి, నాకు ఇంట్లోనే ఇంత ప్రేమగా చదువు దొరికింది కదా, ఎంత పుణ్యం చేసుకున్నానో అనుకున్నాను. అది ప్రేమ కాదని అనను. కానీ అది తలుపు గొళ్ళెం కూడా. ఒకామె నడిచి వెళ్ళిన దారిని ఇంకో పిల్ల కాళ్ళ కింద నుంచి లాగేశారు. నాకు ఆ సంగతి చెప్పకుండా, ఆ గొళ్ళేనికే రోజూ పసుపు కుంకుమ పెట్టించారు నా చేత.

అందరికన్నా మా నాయనమ్మ మీదే నాకు కోపం. అందరికన్నా ఆమెనే ప్రేమించాను కనుక. కన్నకూతురు ఎక్కడో బతికే ఉందని తెలిసి, ఆ కూతురి పేర నా చేత చాటలో గుప్పెడు పోయించిన చేతులు అవి. ఆమె ఏడవడం నేను చూశాను. ఆ ఏడుపు నా కోపాన్ని తగ్గించడం లేదు.

"చీర ఇయ్యి," అన్నాను అన్నతో.

లేచి కొట్టులోకి వెళ్ళి, కింది అరలోంచి ఒక ముక్క తెచ్చాడు. పండగ గిరాకీ అయిపోయాక మిగిలిన రంగు వెలిసిన సరుకు. "ఇది తీసుకపో. నేను పెట్టినట్టు మాత్రం చెప్పకు."

నేను దాన్ని ముట్టుకోలేదు. కొట్టులోకి వెళ్ళి, నిచ్చెన వేసుకుని పై అరలోంచి ఆకుపచ్చ నేత చీర, ఎర్ర అంచుది, పెళ్ళివాళ్ళకు చూపించేది, నేనే దించాను. "నువ్వు పెట్టినవ్ అని చెప్పను. ఇల్లు పెట్టింది అని చెప్తా. ఇల్లు నీ ఒక్కడిది కాదు." అడ్డం రాలేదు. మైలలో ఉన్నాడు కదా, నన్ను ముట్టుకోవచ్చో లేదో తేల్చుకునేలోగా నేను గడప దాటాను.

శనివారం అడ్డాకుల ఆవిడతో కలిసి జీపెక్కాను. వంతెన ముందు చెక్‌పోస్టులో ఒక జవాను ఆపాడు. నా ఒళ్ళో చీర సంచి చూసి ఎక్కడికి, ఎందుకు అని హిందీలో అడిగాడు. చావుకు వెళ్తున్నానన్నాను. ఎవరు పోయారన్నాడు.

"మేరీ బువా," అన్నాను. మా మేనత్త.

మా ఇంట్లో తెలుగులో బయటికి అననివ్వని ఆ చుట్టరికం నా నోట మొదటిసారి హిందీలో వచ్చింది, ముక్కూ మొహం తెలియని కుర్ర జవాను ముందు. అతను టోపీ తీసి, "జావో అమ్మా," అని తాడు దించాడు. ఏ ఊరివాడో ఆ జవాను, అతని తల్లి చల్లగా ఉండాలి.

చింతూరు, భద్రాచలం దాటి, చర్ల వైపు తిరిగి, మిర్చి చేల మధ్య దిగాం. చేలు ఎవరివో. కూలి చేసేవాళ్ళ గుడిసెలు మాత్రం వాటి వెనక అడవి మొదట్లో ఉన్నాయి. ఎండబోసిన కాయల ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. తడిక తలుపు తోసుకుని ఒక ఆడమనిషి వచ్చింది. నాకన్నా చిన్నది, కానీ జుట్టంతా నెరిసింది. నన్ను ఒకసారి కింద నుంచి పైదాకా చూసి, "వదినా," అంది. మేనత్త కూతురు. నాకు మరదలు. ఇన్నేళ్ళ నా బతుకులో పుట్టింటి వైపు నుంచి ఆ వరసతో నన్ను పిలిచిన మొదటి మనిషి.

పిలిచి, వెంటనే తిట్టింది. "ఇప్పుడు వస్తివా? మనిషి ఉన్నప్పుడు తొవ్వ దొరకలేదా?"

"ఉన్నదని నాకు తెలియదు మరదలా."

"అట్లెట్ల తెల్వదు? కుంటల కూసుంటే గొల్లపల్లి కనబడదా?"

చీర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తిట్టనిచ్చాను. తిట్టాక నాకు జావ పోసింది.

గుడిసెలో మూలకు ఒక దండెం ఉంది. దాని మీద ఉన్నవి పాత చీరలు, తువ్వాళ్ళు. మడతలు చూసి నేను లేచి దగ్గరికి వెళ్ళాను. అంచు పైకి కనబడేలా, కొంగు మూలను చెవిలా బయటికి తిప్పి, గిరాకీ విప్పకుండానే అంచూ కొంగూ చూసుకునేలా మడవడం మా కొట్టు పద్ధతి. ఇంకెక్కడా నేను చూడలేదు. చిరిగిన తువ్వాలును కూడా అట్లాగే మడిచి పెట్టి ఉంచారు.

"ఇదెవరు నేర్పిన్రు?"

"ఇంకెవరు? వంకర మడిస్తే వీపు మీద ఒక్కటి ఇచ్చేది," అంది మరదలు. "కట్టేది రెండే చీరలు, మడతలు మాత్రం దుకాణం లెక్క!" నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ సాయంత్రం గుడిసె ముందు కూర్చుని తను చెప్పిందంతా విన్నాను. మేనత్త గొల్లపల్లిలో కాపురం చేసింది. మామ మంచివాడట. తాగితే పాడేవాడు, తాగకపోతే మాట్లాడేవాడు కాదు. పిల్లలకు ఆమె పొయ్యి బూడిద పరిచి తెలుగు అక్షరాలు దిద్దించింది. బియ్యప్పిండి వృథా చేసేంత బియ్యం ఎక్కడివి! మరదల్ని చింతలనార్ వైపు ఇచ్చారు. తర్వాత అడవిలో రెండు వైపులా తుపాకులు మోగిన ఆ చెడ్డ రోజులు వచ్చాయి. ఊళ్ళకు ఊళ్ళు లేచిపోయాయి. "ఇండ్లు కాలినయ్ వదినా. ఎవరు కాల్చిన్రని అడగకు. ఎవరి పేరు చెప్పినా తప్పే." మామ ఆ రోజుల్లోనే దారిలో పోయాడు. మరదలు భర్తతో, తల్లితో, పదేళ్ళ కూతురితో కుంటకు చేరి, రోడ్డు పక్క రేకుల కింద కొన్నాళ్ళు ఉంది.

"కుంటలోనా?"

"మీ వీధి చివరనే."

నేను తల వంచుకున్నాను. అంతటితో అయిపోలేదు.

"ఒకనాడు అమ్మ, మా అన్న కొడుకు కొట్టు చూసొస్తా అన్నది. నేను వద్దన్న. వినలే. ఇద్దరం పోయినం. మీ అన్న పరుపు మీద ఉన్నడు. అమ్మను చూసిండు. మంచిగ చూసిండు వదినా, రెప్ప వెయ్యకుండ. చూసి, 'ఏం చూపించమంటవ్ ముసలమ్మా?' అన్నడు. అమ్మ ఏమంటది? తువ్వాలు అన్నది. రెండు చేతులతోని పట్టుకొచ్చి ఇచ్చిండు. అమ్మ పైసలు ఇచ్చి వచ్చేసింది. బేరం గూడ ఆడలే."

మా అన్న గిరాకీకి ఒంటిచేత్తో విసురుతాడు సరుకు. రెండు చేతులతో ఇచ్చేది మా ఇంటి పెద్దవాళ్ళకే. నాయన పోలికో ఏమో, గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, మేనత్తకు తువ్వాలు అమ్మాడు.

అక్కడి నుంచి వాళ్ళు నది దాటి ఇక్కడికి వచ్చారు. మిర్చి ఏరారు, గుడిసెలు వేసుకున్నారు. జీపుల్లో వచ్చిన ఫారెస్టువాళ్ళు పీకేస్తే మళ్ళీ వేసుకున్నారు. మరదలి కూతురు ఇప్పుడు గుంటూరు వైపు పత్తి మిల్లులో పని చేస్తోంది, దినానికి సెలవు దొరకలేదు. ఆమె పిల్ల ఇక్కడే హాస్టల్లో తెలుగు బడిలో చదువుతోంది. నాలుగు తరాలు, తరానికో ఊరు. మొదటి ఆమె తప్ప ఒక్కరూ ఇష్టపడి ఊరు మారలేదు. మా ఇంట్లో శాపం పెట్టింది మాత్రం ఆ ఇష్టపడిన ఒక్కదాన్నే.

ఆదివారం పొద్దున్నే గుంపు పెద్ద వచ్చాడు. ఆయన నన్ను చూసి ముచ్చటపడలేదు. "ఇన్నేండ్లు లేని పుట్టిల్లు ఇయ్యాల యాడికెల్లి మొలిచింది?" అన్నాడు.

"మొలవలేదు. సిగ్గు లేక దాక్కున్నది," అన్నాను.

"మగోళ్ళు రాలేదా?"

"మగోళ్ళు మైలల ఉన్నరు. ఇంట్లనే."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. పెద్ద నవ్వలేదు. మరదలు వైపు తిరిగి వాళ్ళ దొర్లి భాషలో ఏదో అడిగాడు. ఆమె గట్టిగా జవాబు చెప్పింది. తర్వాత అడ్డాకుల ఆవిడ చెప్పింది నాకు: ఆడది తెచ్చిన గుడ్డ చెల్లుతుందా అని ఆయన అడిగాడట. మా అమ్మ ఆడది కాదా, ఇంటికి పుట్టలేదా అని ఈమె అందట. ఆయన పూడ్చిన చోటు దాకా నడిచి వెనక్కి వచ్చాడు. చెల్లదంటే ఆ తల్లికి రాయి లేదు. కుంటలో లేకుండా పోయిన మనిషి ఇక్కడ కూడా లేకుండా పోతుంది. నాకు తెలిసిన నామాలన్నీ లోపల తిరుగుతున్నాయి.

"గుడ్డ చూపియ్యి," అన్నాడు చివరికి.

విప్పాను. చీర నాలుగు మూలలకూ పసుపు పెట్టబోయి ఆగాను. విధవ చేతి పసుపు మనవాళ్ళలో పనికిరాదు. మరదలు చూసి, "అదేంది? పెట్టు. మాకు అవన్నీ లేవు," అంది. మా ఆయన వెళ్ళాక మళ్ళీ శుభానికి నా వేలికి పసుపు అంటింది అప్పుడే. ఒక అడవి అంచున, ఒక సమాధి దగ్గర. ఆ దేవుడికి నేను ఏమని చెప్పుకోను!

రాయి నిలబెట్టారు. నడుమెత్తు రాయి. చీర నేనే చుట్టాను. పేరు పిలవమన్నాడు పెద్ద. పెత్తరమాస గుప్పిళ్ళ మీద గుసగుసగా తప్ప ఎన్నడూ అనని పేరు. మొదటిసారి పక్కనున్న మరదలికి మాత్రమే వినబడింది.

"చేల దాకా వినబడాలె," అన్నాడు.

పిలిచాను. ఇంటిపేరుతో కలిపి మూడుసార్లు పిలిచాను. కాయలు ఎండబోసేవాళ్ళు తలెత్తి చూశారు. మరదలు రాయిని రెండు చేతులా పట్టుకుని కిందికి జారి కూర్చుంది. "కలిసింది," అన్నాడు పెద్ద. అంతే. వాళ్ళలో అంతకు మించి మాటలుండవు.

నేను కుంటకు తిరిగి వచ్చాక, మైల తీరిన మొహంతో, కొత్త కుంకుమ బొట్టుతో అన్న మా అరుగు దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూసి, "రాయి పెట్టిన్రా?" అని మెల్లగా అడిగాడు.

"పోయి చూసుకో," అన్నాను.

ఇది రాసేనాటికి వెళ్ళలేదు. వెళతాడని నేను అనుకోవడం లేదు. నా కోపం చల్లారలేదు. రోజూ దీపం పెడుతున్నాను, కానీ అది చల్లార్చమని దేవుణ్ణి అడగడం లేదు. అడగని వరాల్లో ఇదొకటి ఉండనీ.

ఈ కాగితాల మీద నేను ఎవరి పేరూ రాయలేదు. ఆమె పేరు మా పుట్టింటి వాకిట్లో గట్టిగా పలికేదాకా ఆ ఇంట్లో ఇంకెవరి పేరూ నా చేత్తో రాయను. అందుకని చదివేవాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. మీకు ఆమె చుట్టం కాదు, ఆమె వల్ల మీకు ఏ మైలా అంటదు. బట్టల కొట్టు వెనక పుట్టి, గొల్లపల్లిలో కాపురం చేసి, పిల్లలకు బూడిదలో అక్షరాలు దిద్దించి, మిర్చి చేల పక్కన కన్నుమూసిన ఒక ఆడబిడ్డ మొన్న మొన్నటి దాకా ఈ నేల మీద బతికి ఉంది. ఆమెను ఒక్కసారి తలుచుకోండి.